అమ్మ పాట ఆగిపోయిన సీడీ

అమ్మ పోయాక ఇదే మొదటి సద్దుల బతుకమ్మ. ఆమె పాటలు నా కంప్యూటర్‌లో ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెతో బస్సులు లేవని, వాటి సీడీ కోసం బావ పొద్దున్నే సిద్దిపేట నుంచి కొత్తగూడలోని నా గదికి బండి మీద వచ్చాడు.

అక్క వాళ్ల పాత ప్లేయర్ తక్కువ స్పీడులో రాసిన సీడీలనే చదువుతుంది. అలాగే రాయడానికి పెట్టాను. సగంలో కరెంటు పోయి సీడీ పాడైంది. బొగ్గు గనులూ సమ్మెలోనే ఉన్నాయి మరి. కరెంటు వచ్చేసరికి మిగిలింది ఒక్కటే సీడీ.

“జర జల్దీ రాయి బామ్మర్ది, మల్ల పోతది.”

“జల్దీ రాస్తే మీ ప్లేయర్ చదవదేమో బావా!”

“సగం రాసింది ఏ ప్లేయర్ చదువుతది?”

ఎక్కువ స్పీడు పెట్టాను. నా కంప్యూటర్‌లో బాగానే పాడింది. బావ దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

ఇందాక అక్క ఫోన్ చేసింది. “అమ్మ పాట ఎత్తుకున్నది రా, నడిమిట్ల ఆగిపోయింది. చప్పట్లకు చేతులు లేపి అందరం అట్లనే నిలబడ్డం.”

ఫోన్‌లోనైనా వినిపిద్దామంటే ఇక్కడ కరెంటు లేదు. సమ్మె గెలవాలని గది ముందు జెండా కట్టింది నేనే. ఎవరిని తిట్టాలో, నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేలోపు ఎవరైనా చెప్పండి.