మునిశామప్ప మెట్లెక్కిన లెక్క

మునిశామప్పతో వేగడం ఎవరి వల్లా కాదు. ఆండర్సన్‌పేటలో మా కిరాణా అంగడి పక్కిల్లే వాళ్ళది. రాగి చేను వదిలి, పెళ్ళైన ఏడాదే బంగారు గనిలో చేరాడు. గని సర్కారుదయ్యాక దుమ్మేమైనా తగ్గిందా? అది పీల్చి పీల్చి మనిషి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇంకా లోపలికి దిగితే ప్రాణం మీదికి వస్తుందని భయపడి, పైన షెడ్డులో పని ఇప్పించమని అతని భార్య పిల్లమ్మ అర్జీ పెట్టించింది. దానికి గని ఆసుపత్రి డాక్టరు సరేననాలి.

పరీక్షకు నన్నూ తోడు రమ్మన్నారు. డాక్టరు మంచివాడే, కాకపోతే లెక్కల పిచ్చి. మునిశామప్పను తూకం వేస్తే యాభై కిలోలు తూగాడు.

"ఈ మెట్లు మొత్తం ఆరు మీటర్ల ఎత్తు. చేతనైనట్టు ఎక్కండి. ఆయాసం వస్తే ఆగండి," అని డాక్టరు గడియారం చేతిలోకి తీసుకున్నాడు.

ఆగితేనా! మహానుభావుడు తల వంచుకుని, పళ్ళు బిగించి, ఒక్క బిగిన పైకి పోయాడు. పదిహేను సెకన్లు! కింద పిల్లమ్మ నెత్తి కొట్టుకుంది.

డాక్టరు బరువునీ ఎత్తునీ భూమి లాగే బలంతో హెచ్చవేసి, సెకన్లతో భాగించాడు.

"నూట తొంభై ఆరు వాట్లమ్మా! అరవై వాట్ల బల్బులు మూడు వెలిగించే సత్తా. ఒంట్లో ఖర్చయిన శక్తి చూస్తే గోరంత సంగటి తింటే వచ్చేదే. ఈయన లోపలి పనికి చాలడని ఎలా రాయను?"

నాకు ఒళ్ళు మండింది. లెక్కలో తప్పు లేదు, అదే తంటా. ఈలోగా మునిశామప్ప దిగి వచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. వెళ్ళి చూస్తే గోడవార గొంతుక్కూర్చుని పేగులు తెగేలా దగ్గుతున్నాడు.

"ఆయాసమొస్తే ఆగమన్నారు గదప్పా, యాల ఆగలేదు?" అన్నాను.

"నిచ్చెన మీద ఆగకూడదు భాగీరథమ్మా. గనిలో మనం ఆగితే కిందనుంచి ఎక్కేవాళ్ళంతా చీకట్లో ఏలాడాల. అట్లా ఆగినోణ్ణి మళ్ళా ఎవురూ జతకి పిలవరు. నా కాళ్ళకి అదే అలవాటైపోయింది."

"ఈడ నీ వెనకాల ఎవురుండారయ్యా? నేనూ బిడ్డలే గదా ఉండేది!" అని పిల్లమ్మ అరిచింది. అరిచి, సరాసరి డాక్టరు దగ్గరికి పోయింది.

"సార్, ఇంగొక తూరి ఎక్కించండి. ఈ తూరి ముందర నేను పోతా."

డాక్టరు సరేనన్నాడు. ముందు పిల్లమ్మ, వెనక మునిశామప్ప ఎక్కారు. సగం మెట్ల మీద ఆ తల్లి ఆగిపోయింది. ముందు మనిషి ఆగితే నెట్టడం గని పద్ధతి కాదు, అతనూ ఆగాడు. ఆగాడో లేదో, అదిమి పెట్టుకున్న దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మెట్టు మీదే కూలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి.

డాక్టరు గడియారం జేబులో పడేసి పరుగున ఎక్కాడు. అతని వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఇంక లోపలికి దిగొద్దు. పైన పనికే రాస్తాను," అన్నాడు.

బతికించావు నాయనా అనుకున్నాను. మునిశామప్ప మాత్రం సిగ్గుతో తలెత్తలేదు.

"నువ్వు ఆగినావు గాబట్టి ఆగినా పిల్లమ్మా," అన్నాడు, ఊపిరందక.

"అవునయ్యా, నేనే ఆగినా," అంటూ పిల్లమ్మ పక్కన కూర్చుని, కొంగుతో అతని మూతి తుడిచింది.