టీ గ్లాసు కింద పంతులమ్మగారి కాగితం

పంతులమ్మగారు పోయారని గుడివాడ నుంచి వాళ్ల చెల్లెలుగారు ఫోన్ చేసేసరికి నేను ఇసుకలో వల పరిచి చేపలు ఎండేస్తున్నాను. "తెల్లవారుజామున పోయిందమ్మా. నిన్న కూడా నీ కాలేజీ గురించే చెప్పింది" అన్నారావిడ. ఏడుపు కంటే ముందు నామీద నాకే రోత పుట్టింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

మాది మంగినపూడి దగ్గర చేపల మీద బతికే ఊరు. పంతులమ్మగారిది మొవ్వ వైపు. మా ఊరి చిన్న బడిలో పనిచేసి, రిటైరయ్యాక కూడా మా ఎదురింట్లోనే అద్దెకు ఉండిపోయారు. నేను ఐదో తరగతితో చదువు మానేసి కోడలిగా ఈ ఊరొచ్చాను. ఎవరైనా పలకరిస్తే తలుపు చాటుకి వెళ్లిపోయేదాన్ని. ఆవిడ ఒకరోజు ఎండు చేపల కోసం వచ్చి, "ఎంతవరకు చదివావమ్మాయ్?" అని అడిగితే, తలుపు వెనక నుంచే "ఐదండీ" అన్నాను.

"ఎవరు మాన్పించారు?"

"ఎవరూ మాన్పించలేదండీ. ఆరో తరగతి బడి దూరమని మా పుట్టింటి ఊళ్లో ఆడపిల్లలందరం మానేశాం."

మర్నాటి నుంచి పుస్తకం పట్టుకుని రావడం మొదలుపెట్టారు. మొదటి వారం నేను బయటికే రాలేదు. "తలుపుకి పాఠం చెప్పిన టీచర్ని నేనొక్కదాన్నేనేమో" అని ఆవిడే నవ్వుకునేవారు.

తర్వాత మా బడి చేపల దగ్గరికి మారింది. ఎండుతున్న చేపల మీద కాకులు, కుక్కలు పడకుండా నేను కాపలా ఉండాలి. ఆవిడ పక్కన పీట వేసుకుని తడి ఇసుకలో పుల్లతో త్రిభుజాలు గీసేవారు. "మా కోడలు కాపలా చేపలకా, పుస్తకానికా పంతులమ్మగారూ?" అని మా అత్తగారు ఎత్తిపొడిస్తే, "రెండిటికీనండీ. వదిలేస్తే రెండూ పోతాయి" అనేవారు.

పెన్ను ఎప్పుడూ ఆవిడ కొప్పులోనే ఉండేది. నేను టీ పెట్టి ఇస్తే, లెక్క తేలేదాకా ముట్టుకునేవారు కాదు. నేను తప్పులు చేస్తూ కూర్చుంటే టీ చల్లారి పైన తెర కట్టేది. లెక్క తేలాక ఆ తెర వేలితో తీసేసి, చల్లటి టీ గటగటా తాగి, "ఇప్పుడు రుచిగా ఉంది" అనేవారు.

అలా ఇంటి దగ్గర చదివే ఓపెన్ స్కూల్లో టెన్త్, తర్వాత ఇంటర్ పాసయ్యాను. డిగ్రీ చదివి ఆవిడలాగే టీచర్ని కావాలని ఆశపడ్డాను. ఇద్దరం ఆటోలో బందరు కాలేజీకి వెళ్లాం.

గుమస్తా నా మార్కుల కాగితాలు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఏంటమ్మా ఈ నీచు కంపు?" అన్నాడు. లైన్లో వెనక ఉన్నవాళ్లు నవ్వారు. నాకు చచ్చిపోవాలనిపించింది.

"కంపు కాగితాలకి అంటింది బాబూ, మార్కులకి అంటలేదు. చూడండి" అన్నారు పంతులమ్మగారు.

"ఆరు నుంచి ఎక్కడ చదివింది? స్టడీ సర్టిఫికెట్లేవి?"

"ఇంట్లో చదివింది. నేనే చెప్పాను."

"ఇల్లు సర్టిఫికెట్ ఇవ్వదు కదా మేడం! ఏదో ఒక కాన్వెంట్‌లో చదివినట్టు రాయించుకు రండి. అందరూ చేసేదే."

"అది అబద్ధం కదండీ."

"అబద్ధమైతేనేం, స్టాంపు ఉంటుంది."

పంతులమ్మగారు కొప్పులోంచి పెన్ను తీశారు. కూర్చోమన్నవాళ్లు లేరు. కిటికీ గట్టు మీద తెల్లకాగితం పెట్టుకుని నిలబడే రాశారు. "ఈ అమ్మాయి ఎండలో చేపలకు కాపలా ఉంటూ నా దగ్గర చదువుకుంది. ఒక్కరోజు కూడా మానలేదు." కింద సంతకం పెట్టి ఇచ్చారు. అతను చదవలేదు. టీ గ్లాసు తెచ్చి దాని మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి రాసిన మాట అతనికి బల్ల తడవకుండా ఉండటానికి పనికొచ్చింది.

ఆ వారమే ఆవిడ ఆయాసంతో గుడివాడ చెల్లెలుగారింటికి వెళ్లారు. చివరి తేదీ దగ్గరపడింది. మా ఆయన ఎక్కడి నుంచో ఒక కాన్వెంట్ సర్టిఫికెట్ తెచ్చారు. ఆ కాన్వెంట్ ఎక్కడుందో కూడా నాకు తెలియదు. "నీకు సీటు కావాలా వద్దా? పంతులమ్మగారికి చెప్పకులే" అన్నారు. తీసుకెళ్లి ఇచ్చాను, సీటు వచ్చింది. అదే గుమస్తా, "చూశావా, ఎంత తేలికో!" అన్నాడు. ఆ కాగితాన్ని మాత్రం వాసన చూడలేదు.

చూడటానికి గుడివాడ వెళ్తే పంతులమ్మగారు మంచం మీద నుంచే, "నా కాగితం తీసుకున్నారా?" అని అడిగారు. తల ఊపాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకి ఇంటి చదువు కూడా చదువేనని ఒప్పుకున్నారన్నమాట" అని చెల్లెల్ని పిలిచి టీ పెట్టించుకున్నారు. వేడివేడిగా తాగడం అప్పుడే చూశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒక్కదాన్నే బందరు వెళ్లాను. "ఆ కాన్వెంట్ కాగితం అబద్ధమండీ, తీసేయండి. మా పంతులమ్మగారిది పెట్టండి" అన్నాను.

గుమస్తా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఈ ప్రాంతం మనిషివని తెలియడానికే. మండలాఫీసు నుంచి నివాసం సర్టిఫికెట్ తెచ్చినా సరిపోయేదిగా!" అన్నాడు.

"ఆరోజు చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదుగా."

ఎంత సులువుగా అన్నాడో! నా ఫైలు ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి పంపుతానని, సీటు ఉంటుందో పోతుందో ఆయనే చెబుతారని అన్నాడు. సొరుగులో వెతికి పంతులమ్మగారి కాగితం మాత్రం నా చేతిలో పడేశాడు. గ్లాసు మరక గుండ్రంగా సంతకం చుట్టూ పడింది.

మండలాఫీసులో నివాసం సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టి వచ్చాను. ఇంకా ఏ కబురూ రాలేదు. ఇవాళ కూడా చేపల దగ్గరే కూర్చున్నాను. అలవాటు కొద్దీ రెండు గ్లాసుల టీ తెచ్చుకుని, ఒకటి ఆవిడ పీట మీద పెట్టాను. రెండిటి మీదా తెర కట్టింది. నాది కూడా నేనింకా ముట్టుకోలేదు.