నంబరు చెరిగిపోయిన స్లైడు

ఖరిదాలోని మా రక్తపరీక్షల ల్యాబుకు కొత్త రంగు సీసా వచ్చినప్పుడల్లా ముందు నా వేలే పొడుచుకుంటాను. నా నెత్తురు చుక్కను గాజు స్లైడు మీద పూసి, రంగు వేసి, కణాలు సరిగా కనబడుతున్నాయో లేదో చూస్తాను. సొంత స్లైడుకు నంబరు రాయం. చూసి పారేసేదే కదా.

ఆ ఉదయం నా స్లైడుతో పాటు ఇంకొక్క స్లైడే ఉంది. పూరీ గేట్ నుంచి తల్లి తీసుకొచ్చిన పదేళ్ల పిల్లది. తగ్గని జ్వరమట, పళ్లు తోముకుంటే నెత్తురట. బయట బెంచీ మీద ఇద్దరూ ఒకే పొట్లంలోంచి మరమరాలు తింటున్నారు.

నంబరు లేనిది తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. తెల్లకణాలు మరీ పెద్దవిగా ఉన్నాయి. కణమంతా కేంద్రకమే. ఎముక మూలుగలోనే ఉండాల్సిన పసికణాలు నెత్తుట్లోకి వచ్చేశాయి. బ్లడ్ క్యాన్సర్. నాకే! అమ్మో, నా చిన్నాడికి ఇంకా బూట్ల లేసు కట్టుకోవడం కూడా రాదు.

పక్క గదిలోంచి మావయ్యను కేకేశాను. చుట్టం కాదు, రైల్వేలో ఇదే పని చేసి రిటైరై మా దగ్గర చేరిన పెద్దాయన. చాలాసేపు చూశాడు. తర్వాత రెండో స్లైడు తీసి కిటికీ వైపు పట్టాడు.

"దీని మీద నంబరేదే?"

చూశాను. దాని మీదా లేదు.

"తొందర్లో పెన్నుతో రాసేసినాను, మావయ్యా."

"రంగులో స్పిరిట్ ఉంటాది, సిరా నిలుస్తాదేటే? బుర్రుందా నీకు? ఇప్పుడేది ఎవరిదో ఏటి తెలుస్తాది? మళ్లీ పొడుసుకో."

పొడుచుకున్నాను. పిల్ల నెత్తురు ట్యూబులోంచి ఆయనే ఇంకో స్లైడు పూసి, పెన్సిలుతో నంబరు రాశాడు. రంగు పట్టేదాకా నాది ఒకటే మొర. నాది కాకూడదు ప్రభువా, నాది కాకూడదు. మరెవరిదవ్వాలో ఆలోచించలేదు.

నా కొత్త స్లైడులో కణాలన్నీ చక్కగా ఉన్నాయి.

"స్తోత్రం ప్రభువా!" గట్టిగా అరిచేశాను. చప్పట్లు కూడా కొట్టాను.

మావయ్య పిల్ల స్లైడు మీంచి తలెత్తాడు. డాక్టరుకు ఫోన్ కలిపాడు.

నా కేక విని ఆ తల్లి తలుపు దగ్గరికి వచ్చింది. చీర మీది మరమరాలు దులుపుకుంటూ, ముఖమంతా నవ్వుతో అడిగింది.

"మా పిల్లది బాగానే వొచ్చినాదేటమ్మా?"