పక్కన పది నిమిషాలు

సింగపూర్‌లోని బిషాన్‌లో మా పై ఫ్లాట్ అంకుల్ సోఫాలో కూర్చున్నా ఆయన కుడి మోకాలు నడుస్తూనే ఉండేది. సెలవు దొరికితే చాలు, రిజర్వాయరు చుట్టూ ఉన్న అడవిలో తేలేవారు.

ఆంటీ కోరిక చిన్నదే. "పది నిమిషాలు నా పక్కన కూర్చోండి." నాలుగో నిమిషానికి ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండేవారు. పెళ్లిపీటల మీద ఎలా కూర్చున్నారో పురోహితుణ్ణే అడగాలి.

అంకుల్ పోయే ముందు ఆస్పత్రిలో మూడు రోజులు కదలకుండా పడుకున్నారు. పక్కన కుర్చీ ఉంది, ఆంటీకి కావలసినన్ని నిమిషాలూ ఉన్నాయి. ఆమే కూర్చోలేకపోయారు. నర్సుని అడిగి వీల్‌చెయిర్ తెప్పించి, ఆయన్ను కింద తోటలోకి తీసుకెళ్లారు. చినుకులు మొదలయ్యాయి.

"అమ్మా, రెయినింగ్ లా. లోపలికి వెళ్దాం," అంది వీల్‌చెయిర్ తోస్తున్న కూతురు, సింగపూర్ యాసలో.

"మీ నాన్న ఎప్పుడైనా వానకి వెనక్కొచ్చారా? నువ్వు తొయ్యి," అన్నారు ఆంటీ.