రేణుక మీద వేసిన నింద

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. నా భర్తకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీరు నన్ను తిట్టుకున్నా నాకు వినబడదు, అదొక్కటే ధైర్యం.

హైటెక్ సిటీలో ఉద్యోగం నాది, నల్లగండ్లలో ఇల్లు. మా ఆఫీసు వాళ్లు జవాన్ల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పు, నూనె ఇచ్చేవాళ్లు. ఆ పని చూసేది నేనే. ఎంత పెద్ద మనసో నాదని నాకు నేనే తెగ మురిసిపోయేదాన్ని.

సరోజ అలాగే పరిచయం. ఖాజాగూడలో ఒక్క గది. భర్త సరిహద్దులో. డయాలిసిస్ కోసం ఊరి నుంచి తీసుకొచ్చిన అత్త మంచం మీద. ఆయన పంపే జీతం దవాఖానకూ కిరాయికీ పోను కడుపుకు మిగిలేది కాదు. సరోజకు అప్పుడు ఆరో నెల. పక్క గదిలో రేణుక, ఆమె భర్తా జవానే. ఇద్దరిదీ ఒకటే పొయ్యి. ఎవరి దగ్గర బియ్యం ఉంటే వాళ్లు ఎసరు పెట్టేవాళ్లు, ఇద్దరూ తినేవాళ్లు. నెలాఖరులో సరోజ పస్తులుండకుండా కాపాడింది మా సంచి కాదు, రేణుక. ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

సంచి తీసుకున్న రోజు సరోజ నా చెయ్యి పట్టుకుంది. "మేడం, నా ఫోటో జర ఏడ పెట్టకున్రి. మంచిగనే తింటున్నమని ఆయనకు చెప్పిన. తెలిస్తే డ్యూటీల పరేషాన్ అయితడు."

సరేనన్నాను.

ఆ రోజు నేను తీసిన ఫోటోల్లో మిగతా ఆడవాళ్లంతా కెమెరాను చూసి నవ్వారు. సరోజ ఒక్కతే బియ్యం సంచిని చూస్తోంది. ఆ ముఖం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అందుకే, ఛీ, అందుకే దాన్నే ఎంచుకున్నాను. మీటింగులో చూపించాను, కంపెనీ పేజీలో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇచ్చిన మాట గుర్తులేదా నాకు? ఉంది. బాగా ఉంది. సరిహద్దులో ఉన్నవాడు ఇదెక్కడ చూస్తాడులే అనుకున్నాను.

చూశాడు. తోటి జవానెవరో చూపించాడట. నా భార్య చెయ్యి చాచిందా అని ఫోనులో ఏడ్చాడట. ఇక ఎవరి దగ్గరా ఏదీ తీసుకోనని సరోజతో ఒట్టు వేయించుకున్నాడు.

సరోజ నాకు ఫోను చేసింది. "ఎవరు పెట్టిన్రు మేడం? మీరైతే పెట్టరు."

ఆ రెండో మాట అనకపోయుంటే నిజం చెప్పేదాన్నేమో. లేదులెండి, ఇదీ అబద్ధమే.

"రేణుక కూడా ఫోటోలు తీసింది కదా. తనే మా వాళ్లకెవరికో పంపిందట," అన్నాను.

"రేణుకనా?" అంది మెల్లగా. ఫోను పెట్టేసింది.

పొయ్యి వేరైంది. రేణుక అన్నం గిన్నె తెస్తే సరోజ తలుపు తీయలేదట. గంజితో గడిపింది. ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోయింది. మంచం మీది అత్త నీరసపు అరుపు మొదట గోడ దాటలేదు. ఎప్పటికో రేణుకే విని, తలుపు విరగ్గొట్టి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. బిడ్డ దక్కలేదు. తల్లి ఒంట్లో రక్తమే లేదన్నారు.

నేను పండ్లు పట్టుకుని దవాఖానకు పరామర్శకు వెళ్లాను. అవును, వెళ్లాను. సరోజ లోపలికి రానివ్వకపోవడంతో రేణుక వరండాలో నిలబడి ఉంది. "నేనేం జేసిన మేడం? జర అడిగి చెప్పున్రి," అంది. తల ఊపి లోపలికి వెళ్లాను. సరోజ నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెప్పలేదు.

ఆ బిడ్డ నా వల్లే పోయిందా? పొయ్యి కలిసే ఉంటే, రోజూ రెండు పూటలా రేణుక ఎదురుగా కూర్చోబెట్టి తినిపించి ఉంటే, బతికేదా? ఎవరిని అడగను? ఏ డాక్టరు చెబుతాడు?

తర్వాత సరోజ వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. సరోజ ఇప్పటికీ పండక్కి ఫోను చేస్తుంది, బాగున్నరా మేడం అని. ప్రతిసారీ చెప్పేద్దామనుకుంటాను. చెబితే ఆమెకు మిగిలిన ఒక్క నమ్మకమూ పోతుందని నాకు నేనే నచ్చజెప్పుకుంటాను. అది ఆమె మీద జాలి కాదు, నా పిరికితనం.

ఆ ఫోటో పెట్టింది నేను, సరోజా. రేణుక ఏ పాపమూ ఎరగదు.

ఇన్నేళ్లూ నోటికి రాని మాట ఇంతే. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.