అసిరమ్మ పత్యం

భీమిలి నుంచి బస్సులో తట్ట తెచ్చుకుని గోపాలపట్నం వీధుల్లో ముప్పయ్యేళ్లు చేపలమ్మింది అసిరమ్మ. అందరి కంచాలూ నింపిన ఆ మనిషి, తన ఊపిరితిత్తుల్లో టీబీ ఉందని తేలగానే పత్యం మొదలుపెట్టింది. దగ్గున్నవాళ్లు నీచు ముట్టకూడదట. నాలుగు నెలలు మాత్రలు, చారన్నం, అంతే.

ఎముకలు తేలిన ఆమెను చూసి డాక్టరమ్మ కసిరింది. "మాత్రలు క్రిముల్ని చంపుతాయి. కానీ ఈ జబ్బు, ఇనుముకి తుప్పు పట్టినట్టు ఊపిరితిత్తుల్ని లోపల్లోపలే తినేస్తుంది. దాన్ని అడ్డుకునే సత్తువ తిండి నుంచే రావాలి. చేపలమ్ముతూ చేప మానేస్తావా?"

అసిరమ్మ తల దించుకుంది.

"మా ఆయనకీ ఇదే జబ్బమ్మా. పోయినేడు సచ్చిపోనాడు. సేప ముక్క ఎట్టమని రోజూ బతిమాలీవోడు. ఇంటినిండా సేపలే. నానే ఎట్నేదు."