పిలుపు విన్న మనిషి

ఆ న్యూస్ చానల్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తులో కూర్చునే ఎడిటరు దాకా అందరికీ అతను పౌడరన్నే. మేకప్ అతని పని. ఎంతటి మొనగాడైనా సరే, తెరమీదికి వెళ్ళే ముందు పౌడరన్న ఎదురుగా కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, బుద్ధిమంతుడిలా కూర్చోవలసిందే. బట్టతల మెరుపు తగ్గించడం, కళ్ళ కింద నలుపు కప్పడం, నిద్రలేని మొహాన్ని నిద్రపోయిన మొహంలా చూపించడం అతని విద్య. పౌడరు పూస్తే నల్లమచ్చ పోతుంది గానీ నాలుక మారదు కదా అని తనలో తనే నవ్వుకునేవాడు.

మహమ్మారి వచ్చాక ఆ నాలుకలకి తీరిక లేకుండా పోయింది. రోజూ సాయంత్రం చర్చ. అన్నీ మూసేయాలని ఒక డాక్టరు, మూస్తే ఆకలితో చస్తాం అని వర్తక సంఘం నాయకుడు. ఆసుపత్రిలోకి బంధువుల్ని రానివ్వాలా వద్దా అని ఒకరోజు, చావుల లెక్క నిజమా అబద్ధమా అని ఇంకోరోజు. లైట్ల ముందు ఉప్పూ నిప్పూలా ఎగిరిపడేవాళ్ళే మేకప్ గది గుమ్మంలో ఒకరి పిల్లల గురించి ఒకరు అడుగుతూ, తమ వంతు కోసం నిలబడేవాళ్ళు. పౌడరన్నకి అదొక వినోదంగా ఉండేది. తన అక్క అలాంటి ఆసుపత్రిలోనే పనిచేస్తోందని గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ వినోదం గొంతు దిగేది కాదు.

అతనికి ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయినప్పుడు అతనికి బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదు. అక్కే స్నానం చేయించి, తలదువ్వి, బడికి పంపి, తను పెద్దాసుపత్రిలో ఆయాగా చేరింది. పెళ్ళి మాటెత్తితే మొదట్లో "వీణ్ణెవరు చూస్తారు?" అనేది. వీడు గడ్డం గీసుకునే వయసుకొచ్చాక "ఇప్పుడు నన్నెవరు చూస్తారు?" అని నవ్వేసింది. అతనికీ సంబంధాలు కుదరలేదు, ఆడవాళ్ళ మొహాలకి రంగులు పూసేవాడికి పిల్లనెవరిస్తారని. అలా రెండు గదుల ఇంట్లో ఇద్దరూ మిగిలారు. మహమ్మారి వచ్చినప్పట్నుంచీ, ఆసుపత్రి జబ్బు తమ్ముడికి అంటకూడదని, ముందుగది అక్కది, వెనకగది అతనిది. మధ్య తలుపు మూసే ఉండేది. వంట అతను చేసేవాడు. కంచం గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, దూరంగా జరిగేవాడు. తలుపుకి అటువైపు ఆమె, ఇటువైపు అతను కూర్చుని తింటూ మాట్లాడుకునేవాళ్ళు. ఆమె దగ్గినప్పుడల్లా అతని చేతిలో ముద్ద ఆగిపోయేది. "ఒరేయ్, పొలమారిందిరా అంతే" అనేది ఆమె, చూడకుండానే కనిపెట్టి.

ఒక మధ్యాహ్నం మేకప్ గదిలోని టీవీలో ఆ వీడియో వచ్చింది. పెద్దాసుపత్రి వార్డులో పక్క మంచం రోగి ఎవరో ఫోన్‌తో తీసినది. మంచం మీద ముసలాయన చెయ్యి పైకెత్తి ఏదో అంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నాలుగడుగుల దూరంలో, గోడకి ఆనుకుని, తలనుంచి కాలిదాకా తెల్లసూట్ తొడుక్కున్న ఆయా ఒకామె నేలమీద కూర్చుని ఉంది. కదలదు, మెదలదు. అంతే వీడియో. అది తీసిన రెండు రోజులకి ఆ ముసలాయన చనిపోయాడట.

వీడియోలో మిషన్ల రొద తప్ప ఇంకేమీ వినపడదని చానల్ వాళ్ళు ఆ రొద తీసేసి, ఏడుపు వయొలిన్ వేశారు. కింద పెద్ద అక్షరాలతో "దాహం... దాహం! చూస్తూ కూర్చున్న ఆయా" అని రాశారు. ఆయన అడిగింది నీళ్ళో, దుప్పటో, దేవుణ్ణో వాళ్ళకి తెలీదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా. ఆమె చుట్టూ ఎర్రటి సున్నా గీసి, "ఈమె ఎవరు?" అని గంట గంటకీ అడగడం మొదలుపెట్టారు.

పౌడరన్నకి అడగనవసరం లేకపోయింది. కుడికాలు చాపుకుని, ఎడమచేత్తో మోకాలు నొక్కుకుంటూ, తల పక్కకి వాల్చి అలా కూర్చునే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నాడు. చేతిలో స్పాంజి జారి నేలమీద పడితే, తీసి దులిపి, దానితోనే ఇంకొకరి మొహానికి పూయబోయి, చటుక్కున ఆగి, చెత్తబుట్టలో పడేశాడు.

ఆ సాయంత్రం కంచం పెట్టి తలుపు తట్టాడు.

"అక్కా, చూశావా?"

"చూశాను."

"నువ్వేనా?"

"నన్ను నువ్వు పోల్చుకోకపోతే ఇంకెవరు పోల్చుకుంటార్రా!"

అతను తలుపుకి నుదురు ఆనించాడు. "ఆ సూట్‌లో చెవులు మూసుకుపోతాయి కదక్కా. పైగా మిషన్లు. నీకు వినపడి ఉండదు."

ఆమె మెల్లగా అంది: "వినపడిందిరా. బాగానే వినపడింది. లేద్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు. పొద్దున్నించీ కూర్చోలేదు, ఒక్క నిమిషం అనుకుని కూలబడ్డాను. ఇంకో ఆయా వచ్చి ఆయన చెయ్యి పట్టుకునే దాకా నేనలాగే ఉన్నాను. ఆ ఒక్క నిమిషంలో పోలేదాయన, నాకూ తెలుసు. కానీ పిలిచాడు కదా, నేను విన్నాను కదా!"

"ఎవరికీ చెప్పకు."

"ఎవరికి చెప్తాన్రా? సూట్‌లో అందరం ఒకటే. సూపర్‌వైజరు అడిగితే మావాళ్ళంతా తెలీదన్నారు. నేనూ తెలీదన్నాను. పట్టుకుంటే తీసేస్తార్రా. ఊరంతా రాళ్ళేస్తుంది. ఇల్లుగలాయన ఇప్పటికే నన్ను చూసి అటు తిరిగి పోతున్నాడు."

మర్నాటికి గోరంత కొండంతయింది. ఆమెని కనిపెట్టి తీరతామని ఆసుపత్రి అధికారి చెప్పాడు. ఈ సాయంత్రం చర్చలోనే పేరు బయటపెడతామని చానల్ ఊదరగొట్టింది. ఆయాలందరికీ ఫోన్లు చేస్తున్నారని, ఒకామె మెత్తబడేలా ఉందని న్యూస్‌రూమ్‌లో అనుకుంటుంటే పౌడరన్న విన్నాడు. అప్పట్నుంచీ కాలుగాలిన పిల్లిలా మేకప్ గదిలో తిరగసాగాడు.

సాయంత్రం యాంకరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమె మొదటిసారి తెరమీదికి వెళ్ళిన రోజు భయంతో కారిన చెమటని తుడిచింది పౌడరన్నే. అన్నా అని నోరారా పిలుస్తుంది. మనిషి మంచిదే. మంచివాళ్ళకీ ఉద్యోగం ఉంటుంది కదా. మహమ్మారి వచ్చాక మనుషులు తగలడం తగ్గించాలని ఒక పద్ధతి పెట్టారు. సౌండ్ మనిషి దగ్గరికి రాడు, బట్టలకి మైకు తగిలించడం కూడా మేకప్ గదిలోనే, మేకప్ చేసేవాడే చేయాలి. తగిలించిన క్షణం నుంచీ కంట్రోల్ రూమ్‌లో అన్నీ వినపడతాయి. వచ్చిన ప్రతి అతిథికీ పౌడరన్న చెప్పేవాడు: "సార్, మైకు ఆన్‌లో ఉంది. మాట జాగ్రత్త."

ఆరోజు తనే మైకు తగిలించాడు. తనే మర్చిపోయాడు.

"అన్నా, పూసిన చోటే మళ్ళీ పూస్తున్నావేంటి? ఒంట్లో బాలేదా?" అంది యాంకరమ్మ కళ్ళు మూసుకునే.

అంతే, ఆ మాటకి కట్ట తెగింది. "అమ్మా, ఆ వీడియోలో ఉన్నది మా అక్క. నన్ను పెంచిన మనిషి. మీకు దండం పెడతాను, పేరు బయటపెట్టకండమ్మా."

ఆమె కళ్ళు తెరిచింది. గబుక్కున చెయ్యి మైకు మీద మూసింది. అప్పటికే ఆలస్యమైంది. ఆమె చెవిలో పెట్టుకున్న యంత్రంలో ఎవరో మాట్లాడుతుంటే, పౌడరన్న బ్రష్ కిందే ఆమె మొహం మారిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందన్న సామెత అతను చిన్నప్పట్నుంచీ విన్నదే. ఇప్పుడు దాన్ని కళ్ళారా చూశాడు.

ప్రొడ్యూసరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి, ముక్కు మీదికి మాస్కు లాక్కుని, మెత్తగానే మాట్లాడాడు. "చూడన్నా, ఆయా పేరు దొరికిందంటే నేను ఆపలేను. పైవాళ్ళు ఊరుకోరు. ఒకటే దారి. తమ్ముడిగా నువ్వొచ్చి మాట్లాడు. పేరు చెప్పం, ఫోటో వేయం, నీ మొహం కూడా చీకట్లో పెడతాం. నువ్వు రాకపోతే మటుకు..." మిగతాది చెప్పలేదు. చెప్పనవసరమూ లేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పౌడరన్న నుయ్యిలో దూకాడు. ఇన్నేళ్ళూ మొహాల్ని వెలుతురులోకి పంపిన మనిషిని ఆరోజు లైటు తీసేసి, వట్టి నీడలా కూర్చోబెట్టారు. ఫోన్ చేసి అక్కకి చెబుదామంటే, స్టూడియోలోకి ఫోన్ తేకూడదని బయటే తీసుకున్నారు.

చర్చ మొదలైంది. ఆసుపత్రుల్లో మనుషులు చాలరని డాక్టరు, ఆయాలకి బాధ్యత లేదని వర్తక సంఘం నాయకుడు, ఎప్పటి పాటే. డాక్టరు పౌడరన్న మీద జాలిపడి, తనంతట తనే ఒక తాడు అందించాడు. "ఆ సూట్‌లో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఆమె విని ఉండదు."

అప్పుడు తెర మీదికి చనిపోయినాయన కొడుకు వచ్చాడు. ఇంట్లోనుంచి, ఫోన్‌లో. మొహానికి పౌడరు లేదు, తలదువ్వుకోలేదు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బంధువుల్ని రానివ్వని రోజులు గనుక తండ్రిని చివరిసారి అతను చూసింది అందరితోపాటు ఆ వీడియోలోనే. కేకలేస్తాడనుకున్నాడు పౌడరన్న. వెయ్యలేదు.

"మీరు ఆవిడ తమ్ముడేనాండీ? ఒక్కటే చెప్పండి. మా నాన్న పిలిచింది ఆవిడకి వినపడిందా?"

తలుపు వెనక నుంచి అక్క అన్న మాట పౌడరన్న చెవుల్లో ఉంది. ఆ అబ్బాయి కళ్ళు ఎదురుగా ఉన్నాయి. డాక్టరు ఇచ్చిన తాడు చేతిలోనే ఉంది.

"లేదు బాబూ. వినపడలేదు. విని ఉంటే ఒక్క క్షణం కూర్చునే మనిషి కాదు."

ఆ అబ్బాయి తల ఊపాడు. రెండు చేతులూ మొహం మీదికి తెచ్చుకుని, "సరేనండీ. విని కూడా కూర్చుందేమోనని నేను తిండి మానేశాను. ఆవిణ్ణి నేను చాలా మాటలన్నాను. నా దండం అని చెప్పండి" అన్నాడు. యాంకరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఈసారి నిజంగానే. ప్రొడ్యూసరు అద్దం అవతలనుంచి బొటనవేలు పైకెత్తాడు. గండం గడిచింది.

బయటికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడో లేదో, అక్క నుంచి ఫోన్ మోగింది. చీకట్లో ఉంటే మాత్రం ఏం, టీవీలో తమ్ముడి గొంతు ఆమె పోల్చుకోదా.

"ఎందుకురా అలా చెప్పావ్?"

"నీకోసమే కదక్కా! ఇంక ఎవరూ నీ జోలికి రారు."

"తెలుసురా. కాపాడావు, కాదనను. కానీ ఆ పిల్లాడు నాకు దండం పెట్టాడు. అది నేనెలా తీసుకోను? అతని నంబరు ఇవ్వు."

"అక్కా, నీకు పిచ్చా? అతను రేపు పొద్దున్నే మళ్ళీ తెరమీదికొస్తాడు. నీ ఉద్యోగం పోతుంది. నేను అబద్ధాలకోరునవుతాను."

"నంబరు ఇవ్వరా" అంది ఆమె. చిన్నప్పుడు పలక ఇవ్వరా, తుడుస్తాను అన్న గొంతే అది. ఎదురు చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. అతిథులకి ఫోన్లు చేసే అమ్మాయి దగ్గర బతిమాలి నంబరు తీసుకుని అక్కకి చదివాడు. చదువుతుంటే అంకెలు తడబడ్డాయి. ఒకటి తప్పు చెబుదామా అని కూడా అనిపించింది. చెప్పలేకపోయాడు.

కాసేపాగి ఫోన్ చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. మేకప్ గదిలోకి వెళ్ళి, బ్రష్‌లు కడగబోయి మానేసి, మళ్ళీ చేశాడు. ఆ అబ్బాయి కేకలేస్తున్నాడేమో. రికార్డ్ చేస్తున్నాడేమో. ప్రొడ్యూసరుకి అప్పుడే పంపేశాడేమో. కారిడార్‌లో ఎవరి అడుగులు వినపడినా తన కోసమే వస్తున్నారనుకున్నాడు. పక్కగది టీవీలో అదే వీడియో, అదే వయొలిన్. అబద్ధం చెప్పి తప్పు చేశానా, నంబరు ఇచ్చి తప్పు చేశానా అని తేల్చుకోలేక, అందర్నీ కూర్చోబెట్టే కుర్చీలో తనే కూలబడ్డాడు.

చివరికి ఆమే చేసింది. గొంతు బొంగురుపోయింది.

"ఏమన్నాడక్కా? తిట్టాడా?"

"లేదురా. విన్నానని చెప్పాను. లేవలేకపోయానని చెప్పాను. పేరు కూడా చెప్పాను."

"పేరెందుకు చెప్పావక్కా!"

"అతను అదేమీ పట్టించుకోలేదు. ఒక్కటే అడిగాడు, నాన్న ఏమని పిలిచాడండీ అని."

పౌడరన్న ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తనూ అడగలేదు. చానల్లో, ఆసుపత్రిలో, ఈ రెండు రోజుల రభసలో ఒక్కరూ అడగలేదు.

"నీళ్ళడగలేదురా ఆయన" అంది అక్క. "'బంగారం, బంగారం' అని పిలిచాడు. నన్ను కాదు కదా అని కూడా అనిపించి, ఆ ఒక్క నిమిషం కూర్చుండిపోయాను. చిన్నప్పట్నుంచీ వాళ్ళ నాన్న ఆ పిల్లాణ్ణి పిలిచే పిలుపు అదేనట. నాన్న ఎలా అన్నాడో అలాగే నన్ను అనమన్నాడు. అన్నాను. ఇంకోసారి అనండి అన్నాడు. మళ్ళీ అన్నాను. ఎన్నిసార్లు అనిపించాడో నాకే తెలీదు. అందుకేరా, నీకు ఫోన్ దొరకలేదు."